తాళాలు ఇచ్చాక పెత్తనం ఎందుకు?

విజయవాడలో అద్దెకిచ్చిన మా ఇల్లు చూసుకునే మనిషి ఇప్పుడే ఫోన్ చేసి, "అమ్మా, తాళాలు పక్కింట్లో ఇచ్చేస్తాను, నాకు ఈ పని వద్దు" అన్నాడు. అమెరికాలో ఉన్న మా అన్నయ్య నేరుగా అతనికే ఫోన్ చేసి, ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే బాల్ వాల్వుకు 850 రూపాయలు ఎలా అయ్యాయని నిలదీశాడట. ఆన్‌లైన్‌లో 300కే వస్తుందట! వేయించింది ఇత్తడిది. పాత ప్లాస్టిక్‌ది విరిగి, నీళ్లు మేడ మీద నుంచి కారి మెట్ల గోడంతా నానిపోతుంటే, రాత్రికి రాత్రి ప్లంబరును వెంటబెట్టుకొచ్చి బిగించి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఫొటో పంపిన మనిషిని అడగాల్సిన మాటేనా అది?

రెండు వేల లోపు మరమ్మతయితే నన్ను అడగక్కరలేదు, చేయించి బిల్లు పంపమని చెప్పింది నేనే. ఆ మాత్రం నమ్మకం లేకపోతే మనిషిని పెట్టుకోవడం ఎందుకు? ఇళ్లు అద్దెకిచ్చినవాళ్లకు చెప్పక్కరలేదు, కుళాయి కారినా ఫోన్ మనకే వస్తుంది. హైదరాబాదులో ఆఫీసులో కూర్చుని విజయవాడ ప్లంబరును బతిమాలుకోవడం ఎంత నరకమో నాకు తెలుసు. రాష్ట్రాలకు మాదిరిగా ఉండాలని కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టంలో కూడా, యజమాని తరఫున అద్దె వసూలు చేసి మరమ్మతులు చేయించే మేనేజరు కోసం ఒక అధ్యాయమే ఉంది. ఆదాయపు పన్ను లెక్కలో మున్సిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు ఇస్తారు, మరమ్మతులకు ఎంత ఖర్చు పెట్టారని అడగరు. పన్ను శాఖ అడగని రసీదు మా అన్నయ్యకు కావాలి!

నాన్న పోయినప్పటి నుంచి అద్దె చెరి సగం. సంపు కడిగించడం, సున్నం వేయించడం, ఖాళీ అయిన పోర్షనుకు టూలెట్ బోర్డు కట్టడం మాత్రం మొత్తం నా వాటా. "నువ్వు దగ్గర్లోనే ఉన్నావుగా" అంటాడు. దగ్గరంటే 270 కిలోమీటర్లు! ఒక సంక్రాంతికి పిల్లలను ఇంట్లో వదిలేసి వెళ్లి, కాలిపోయిన మోటారు పక్కన మెట్ల మీద కూర్చుని మెకానిక్ కోసం సాయంత్రం దాకా ఎదురుచూశాను. తిన్నావా అని అడిగిన దిక్కు లేదు. ఇన్నేళ్లలో నా బస్సు చార్జీలు ఎంతయ్యాయో ఒక్కసారీ అడగని వాడు ఇప్పుడు వాల్వు ధర అడుగుతున్నాడు.

ఆ మనిషికి నచ్చజెప్పి ఆపాను. ఈ నెల నుంచి అతని జీతం తీసి పక్కన పెట్టాకే అద్దె రెండు వాటాలవుతుంది. లెక్కలు కావాలంటే అన్నయ్య నన్నే అడగాలి. ఆ మనిషికి మళ్లీ ఫోన్ వెళ్లిందని తెలిస్తే తాళాల గుత్తి అమెరికాకు కొరియర్ చేస్తాను.