ఎయిర్‌పోర్టు వస్తది సరే, దిగినోడు పడుకునేది ఎక్కడ?

మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025ల సెంటర్ పర్మిషన్ వచ్చినకాడి నుంచి వరంగల్ల నలుగురు ఎక్కడ కూసున్నా ఇదే ముచ్చట. ఇగ స్టార్ హోటళ్లు రావాలె, పెద్ద కంపెనీలు రావాలె, లేకపోతే బయటోళ్లు ఎట్లొస్తరు అని. భూముల రేట్ల కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. నేను చెప్పేదొక్కటే, ఈ ఊరికి ఇంకో అద్దాల హోటల్ అక్కర్లేదు. మట్టెవాడ, గిర్మాజీపేట, కొత్తవాడ, ఖిలా వరంగల్ గల్లీల్ల మిగిలిన పాత ఇండ్లల్ల నాలుగైదు రూముల చిన్న హోటళ్లు కావాలె. అట్లాంటివి ఉంటేనే వచ్చినోడు రాత్రి ఆగుతడు. లేకపోతే ఇప్పటి లెక్కనే పొద్దుగాల హైదరాబాద్‌ల కారెక్కి, వేయిస్తంభాల గుడి, కోట, టైముంటే రామప్ప చూసి, మాపటికి మళ్లీ ఉప్పల్ ట్రాఫిక్‌ల ఇరుక్కుంటడు.

మన దగ్గర పెద్ద హోటల్ అంటే లెక్క ఒకటే. కింద బాంకెట్ హాలు, పైన రూములు. అసలు గిరాకీ పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, వెంచర్ల మీటింగులు, రూములేమో ఆ పెళ్లికొచ్చిన చుట్టాలకు. వ్యాపారంగా అది తప్పని అనను, ముహూర్తాలున్న నెలల్ల అదే వాళ్ల బువ్వ. కానీ బయట నీలం అద్దాలు, ఏసీపీ షీట్లు, లోపల తెల్ల టైల్స్, ఫాల్స్ సీలింగ్‌ల రంగు లైట్లు, ఇది వరంగలా కర్నూలా రాయ్‌పూరా ఎవరికి తెలుస్తది? ఢిల్లీ నుంచి వచ్చిన ఓ దోస్తును హనుమకొండల ఒక హోటల్ల దించితే, మంచం తలాపున ఈఫిల్ టవర్ ఫొటో ఉన్నది, కర్టెన్ జరిపితే పక్క బిల్డింగ్ జనరేటర్. కాకతీయుల రాజధానికి వచ్చి పారిస్ బొమ్మ కింద పండుకున్నడు పాపం.

బొటిక్ హోటల్, అంటే తనదైన తీరుండే చిన్న హోటల్, డబ్బున్నోళ్ల షోకు అనుకునేటోళ్లు చాలామంది, కానీ అది మొదలైందే ఈ ఒకే తీరు హోటళ్ల మీద విసుగుతోని. లండన్ల 1978ల బ్లేక్స్, న్యూయార్క్‌ల 1984ల ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రుబెల్ తెరిచిన మోర్గన్స్, వీటి తర్వాతనే రూం ఎట్లుందన్నది కూడా జనం ఊరు ఎంచుకునే కారణాల్ల ఒకటైంది. సియాటిల్ల 1999ల ఏస్ హోటల్ పెట్టింది ఓ పాత హాస్టల్ లాంటి బిల్డింగ్‌ల. ఆ తర్వాత పెద్ద కంపెనీలు ఊకుంటయా? కింప్టన్ అనే బొటిక్ చైన్‌ను ఐహెచ్‌జీ కొన్నది, స్టాండర్డ్ అనేదాన్ని 2024ల హయత్ కొన్నది, ష్రేగర్ సారు స్వయంగా మారియట్‌తోని కలిసి ఎడిషన్ అని చైన్ పెట్టిండు. ఇప్పుడు ప్రపంచంల ఏ స్టైలిష్ ఏరియాకు పోయినా గీకిన ఇటుక గోడ, ఎడిసన్ బల్బు, కుండీల మాన్‌స్టెరా మొక్క, ఏడు వందల రూపాయల కాఫీ. అంటే ఒకే తీరు వద్దని పుట్టింది కూడా ఆఖరుకు ఒకే తీరైంది. కాబట్టి న్యూయార్క్‌ల బ్రూక్లిన్‌ను కాపీ కొట్టి వరంగల్‌ను అట్ల చెయ్యమని నేను అస్సలు అంటలేను.

నన్ను పట్టుకున్నది ఇటలీ దారి. అక్కడ ఫ్రియూలి ఏరియాల 1976ల భూకంపం వచ్చి ఊర్లకు ఊర్లు ఖాళీ అయినంక, ఖాళీ ఇండ్లను ఏం చెయ్యాలె అన్న ఆలోచనల నుంచి అల్బెర్గో దిఫ్ఫూసో అనే పద్ధతి పుట్టింది. ఊరంతా పరుచుకున్న హోటల్ అన్నట్టు. ఒక రూం ఈ గల్లీల, ఇంకోటి రెండు గల్లీలవతల, రిసెప్షన్ ఇంకో ఇంట్ల, టిఫిన్ ఊరి హోటల్ల, కొత్తగా ఒక్క బిల్డింగ్ కట్టరు. అబ్రుజో కొండల్ల సాంతో స్టెఫానో అని చిన్న ఊరుంది, దాదాపు ఖాళీ అయిన ఆ ఊర్ల డానియేలే కీల్‌గ్రెన్ అనే ఆయన పాడుబడ్డ ఇండ్లు కొని హోటల్ చేసిండు, పొయ్యి పొగకు నల్లబడ్డ గోడలకు సున్నం కూడా కొట్టనియ్యలేదు, అట్లనే ఉంచిండు. మంచాల మీద పరిచేది చేతిమగ్గం మీద నేసిన దుప్పట్లు. మన దగ్గరైతే ముందు ఆ గోడకు పుట్టీ పెట్టి, మీద వాల్‌పేపర్ అతికిస్తరు.

దక్షిణాన మటేరా కథ ఇంకా గట్టిది. కొండను తొలిచిన గుహ ఇండ్లల్ల మనుషులు, గొడ్లు కలిసే ఉండేది, మలేరియా, పిల్లల చావులు. దేశానికే సిగ్గుచేటని 1952ల చట్టం చేసి సుమారు 15 వేల మందిని బయటికి పంపిన్రు. నలభై ఏండ్లు తిరగంగనే 1993ల అదే గుహలకు యునెస్కో గుర్తింపు, 2019ల యూరప్ సాంస్కృతిక రాజధాని, ఇయ్యాల అదే గుహల రూం కోసం ముందుగానే బుక్ చేసుకోవాలె. నిన్న సిగ్గు, నేడు గర్వం. మనం ఇంకా సిగ్గు కాడనే ఆగినం. పెంకుటిల్లు అంటే పేదరికం, స్లాబ్ అంటే ఎదుగుదల, సంబంధం చూసేటోళ్లు కూడా ముందు ఇల్లు స్లాబా కాదా అనే అడుగుతరు.

ఇటలీ దాకా ఎందుకు, అహ్మదాబాద్ పోయి చూడండి. పాత సిటీల సిదీ సయ్యద్ మసీదుకు ఎదురుంగ 1924ల కట్టిన ఓ మిల్లు యజమాని ఇల్లు ఉన్నది, వారసులు దాన్ని అమ్మలే, అపార్ట్‌మెంట్‌కు ఇయ్యలే, హౌస్ ఆఫ్ ఎంజీ అని హోటల్ చేసిన్రు. లోపల పాత బట్టల గ్యాలరీ కూడా పెట్టిన్రు. 2017ల ఆ పాత నగరానికి యునెస్కో హోదా వచ్చింది. మన రామప్పకు 2021ల వచ్చింది. తేడా ఏంటిదంటే అక్కడ హోదా వచ్చింది మనుషులుంటున్న గల్లీలకు, ఇక్కడ వచ్చింది ఊరికి దూరంగ, డెబ్బై కిలోమీటర్ల అవతల పాలంపేటల ఉన్న గుడికి. గుడిని చూసొచ్చినోడు మిగతా పూట ఎక్కడ గడపాలె అన్నదానికి మన దగ్గర జవాబు లేదు.

జవాబు గల్లీల్లనే ఉన్నది. మట్టెవాడ దిక్కు ఇప్పటికీ కొన్ని ఇండ్లున్నయ్, చూసినోళ్లకు తెలుసు. ముందు కచ్చీరు, టేకు దర్వాజ, లోపలికి పోంగనే నడుమ ఆకాశం కనబడే వాకిలి, నలుదిక్కుల అర్రలు, పైన టేకు దూలాల మీద దంతెలు, గూన పెంకలు. డంగు సున్నం గోడ జానెడు కాదు మూరెడు మందం, మే నెలల కూడా మధ్యాహ్నం పూట షాబాద్ బండ మీద పండుకుంటే వీపుకు సల్లగ తాకుతది. గోడల దీపం గూళ్లు, ఓ మూలకు గిర్క బావి. ఇంత చల్లదనం కొత్త బిల్డింగ్‌ల తేవాలంటే ఏసీకి ఎంత కరెంటు కాలుతదో లెక్కేసుకోండి. ఆర్కిటెక్టులకు లక్షలు పోసి తెప్పించుకునే కోర్ట్‌యార్డ్ డిజైన్ ఇదే, మనోళ్లు మాత్రం ఆ దూలాలను కట్టెల మండీల తూకానికి అమ్ముకుంటున్నరు.

రూల్స్ అడ్డమొస్తయ్ అంటరు. నిజానికి రూల్స్ మన దిక్కే ఉన్నయ్. ఏఎస్ఐ, అంటే సెంటర్ పురావస్తు శాఖ, కాపాడే కట్టడాల చుట్టూ 100 మీటర్లల్ల కొత్త కట్టడం నిషేధం, ఆ పైన 200 మీటర్లు పర్మిషన్ల మీద. అంటే కోట పక్కన స్టార్ హోటల్ ఎట్లయినా లేవదు. కానీ 1992 జూన్‌కు ముందు నుంచి ఉన్న ఇంటికి పర్మిషన్ తీసుకొని రిపేర్ చేసుకోవచ్చు. టూరిజం మినిస్ట్రీ హెరిటేజ్ హోటల్ కింద 1950కి ముందు కట్టిన ఇంటిని గుర్తిస్తది, కోటనో రాజమహలో కానక్కర్లేదు. హోమ్‌స్టే స్కీముల ఒక్క రూం నుంచి ఆరు రూముల దాకా పెట్టుకోవచ్చు, షరతేందంటే ఇంటోళ్లు ఆ ఇంట్లనే ఉండాలె. ఖిలా వరంగల్ల కోట లోపలనే జనం ఉంటున్నరు గదా, కీర్తి తోరణాలకు కూతవేటు దూరంల. ఇండియాల ఇట్లాంటి ఊర్లు ఎన్నున్నయ్? పొద్దుగాల సర్వపిండి కాల్చిపెట్టి, మాపటికి మక్కగారెలు పెడితే ఎవడన్నా కాంటినెంటల్ బఫే అడుగుతడా?

గడీల ముచ్చట మాత్రం వేరు. ఉత్తర తెలంగాణ అంతట గడీలున్నయ్ గదా, దొరల కోటల లాంటి ఇండ్లు, రాజస్థాన్ల లెక్క వాటిని హోటళ్లు చేద్దాం అనేటోళ్లున్నరు. దోమకొండ కోటను బాగుచేసిన తీరుకు 2022ల యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది, కాపాడుకోవాలె, అది మంచిదే. కానీ వెట్టి చేసినోళ్ల మనవలకు తలపాగా చుట్టి, దర్వాజ కాడ నిలబెట్టి, వచ్చినోడికి సలాం కొట్టిచ్చే టూరిజం ఈ మట్టి మీద నడవది, నడవొద్దు కూడా. అందుకే నేను గడీ కాదు, గల్లీ అంటున్న.

ఇగ దీనికి ఎదురు చెప్పేటోళ్ల మాట. స్టైలిష్ ఏరియా అయితే కిరాయిలు పెరుగుతయ్, ఉన్నోళ్లు ఎల్లిపోవాల్సొస్తది, బార్సిలోనాను చూడలేదా అంటరు. చూసినం. అక్కడ టూరిస్టులకిచ్చే అపార్ట్‌మెంట్లు పది వేలకు పైన అయినయ్, 2028 కల్లా ఆ లైసెన్సులన్నీ తీసేస్తమని మేయర్ 2024ల ప్రకటించిండు. భయం ఉత్తది కాదు. కానీ అక్కడ ఇండ్లు ఊర్ల లేని ఓనర్ల చేతులకు పోయినయ్, నేను చెప్పేదాంట్ల ఇంటోడు ఇంట్లనే ఉంటడు. పైగా మన గల్లీల్ల మనుషులను ఎల్లగొడుతున్నది టూరిస్టు కాదు, ఓనర్‌ను ఒప్పించి ఇల్లు కూలగొట్టే డెవలప్‌మెంట్ అగ్రిమెంటు.

ఇంకోటి, నాకు హోటల్ కంటే ముఖ్యమైంది. ఆ రూములల్ల నేల మీద ఏం పరుస్తం? కొత్తవాడల జంపఖానాలు నేస్తరు, బయట దర్రీలు అంటరు, 2018ల జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు, కూడా వచ్చింది. వరంగల్ తివాచీలు 1851ల లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్‌ల పెట్టిన చరిత్ర ఈ ఊరిది. పెద్ద జంపఖానా అయితే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూసుంటరు, రంగు రంగు పేకనూలు చేతితోనే అందిస్తరు, ఇనుప పంజాతోని దబదబ కొట్టి బిగిస్తరు, నేసినంక ఏది పైదో ఏది కిందిదో చెప్పలేం, రెండు దిక్కులా పరుచుకోవచ్చు. ఇంత పని ఊర్లనే ఉన్నది, కానీ హోటళ్లల్ల కాలు పెడితే తగిలేది సింథటిక్ కార్పెట్. మనకు జంపఖానా అంటే పార్టీ మీటింగుల కింద పరిచి, జనం లేచినంక చుట్టి మూలకేసేది.

ఐదు రూముల హోటల్ ఎన్ని జంపఖానాలు కొంటది, పదో పదిహేనో, దాంతోని కొత్తవాడ బతుకుతదా అని అడగొచ్చు. ఆ పదిహేనుతోని బతకది. కానీ సర్కారు ఆర్డర్ మీద బతికే బతుకు ఎట్లుంటదో సిరిసిల్ల చూపెట్టింది, బతుకమ్మ చీరల ఆర్డర్ ఉంటే మరమగ్గం నడుస్తది, ఆర్డర్ ఆగితే మనిషి కూడా ఆగుతడు. సూరత్, భివండి, షోలాపూర్ పోయిన మన పద్మశాలి కుటుంబాలు ఎన్ని తరాల నుంచి పోతున్నయ్! వరంగల్ల ఆజంజాహి బట్టల మిల్లు 1934ల నిజాం కట్టించింది, అది మూతపడ్డది, భూములు ప్లాట్లైనయ్. ఇప్పుడు గీసుకొండ కాడ మెగా టెక్స్‌టైల్ పార్కు, అందుల వచ్చేది కంపెనీ జీతం, చేతిపని కాదు. చేనేతకు కావల్సింది సబ్సిడీ కంటే ముందు, నేసినోడి ఇల్లు చూసి, రేటు ఎందుకంతనో తెల్సుకొని, సొంతంగ కొనుక్కపోయే గిరాకీ. ఆ గిరాకీని బైపాస్ మీది హోటల్ తేలేదు. రాత్రి జంపఖానా మీద కాళ్లు పెట్టి, పొద్దుగాల రెండు గల్లీలు నడిచి ఆ మగ్గం ముంగట నిలబడ్డోడు ఒకటి కొనకుండ పోతడా? పెంబర్తి ఇత్తడి, చేర్యాల బొమ్మలు, కరీంనగర్ వెండి జాలీ, అన్నిటికీ ఇదే లెక్క.

2015ల హృదయ్ అనే సెంటర్ వారసత్వ నగరాల స్కీముల వరంగల్ పేరున్నది, తర్వాత స్మార్ట్ సిటీల పేరున్నది, సర్కిళ్లు, పార్కులు, లైట్లు అయినయ్, పాత ఇండ్ల దిక్కు ఎవ్వరూ చూడలే. ప్రైవేటోళ్లకు చెప్పేముందు సర్కారు చేతిల హరిత హోటళ్లు ఉన్నయ్ గదా, ఈసారి రిపేర్ల టెండర్ వేసేటప్పుడు ఫ్లోరింగ్ కాలమ్‌ల కొత్తవాడ చేనేత సొసైటీ పేరు రాయమనండి. మట్టెవాడల ఇల్లు కూలగొట్టి నాలుగంతస్తులు లేపుతమంటే నెల రోజుల్ల పర్మిషన్ ఇచ్చే కార్పొరేషన్, అదే ఇంటిని నిలబెట్టుకుంట, మూడు రూములు కిరాయికి ఇస్త అని దరఖాస్తు పెట్టినోడిని ఎన్ని టేబుళ్లు తిప్పుతదో చూద్దాం.