లుంబినీ పార్కుకు అఖిలపక్షం

ఇంటిల్లిపాదీ ఓ సాయంత్రం పార్కుకు వెళ్లి రావడాన్ని మన సమాజం ఇంకా సరదాల కిందే లెక్కేస్తోంది. పెళ్లికైతే పురోహితుడుంటాడు, ముహూర్తం ఉంటుంది, తేడా వస్తే అవతలి వియ్యాలవారి మీదకు నెట్టెయ్యొచ్చు. పార్కుకు ఆ సదుపాయాలేవీ లేవు. హుస్సేన్ సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు, ఆదివారం సాయంత్రం, మ్యూజికల్ ఫౌంటెన్, వీలైతే బోటు షికారు. చెప్పడానికి ఇంతే. దీని మీద మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వారం మధ్యలో మొదలైన చర్చ శనివారం రాత్రికి గానీ ఓ కొలిక్కి రాలేదు.

చిక్కంతా అభిప్రాయ భేదాల వల్ల అనుకుంటే పొరపాటు. అసలు ఎవరికీ అభిప్రాయమే లేదు. "నాదేముంది అల్లుడు గారూ, మీ ఇష్టం" అన్నారు మా అత్తగారు. "మీరెలా అంటే అలా బావా" అన్నాడు బావమరిది. "అన్నీ నన్నడిగే చేస్తున్నట్టు!" అంది మా ఆవిడ. దాన్ని కూడా అంగీకారం కిందే రాసుకోవాలని అనుభవజ్ఞులైన భర్తలు చెబుతారు. పైకి ఇవి ఓట్లలా కనిపిస్తాయి గానీ అన్నీ ముందస్తు బెయిళ్లే. రేపు దోమలు కుట్టినా, పార్కింగ్ దొరక్కపోయినా, ఫౌంటెన్ ముందు పొడుగాటాయన అడ్డం నిలబడినా, ముద్దాయి ఒక్కడే. మొదట నోరు జారి "లుంబినీకి పోదామా" అన్నవాడు.

1992 డిసెంబరు నుంచీ సాగర్ మధ్య నిలబడి ఉన్న 58 అడుగుల బుద్ధుడు ఏకశిల. ఆయన్ను చూడబోయే కుటుంబానికి ఏకాభిప్రాయం ఉండాలని ఏ శిల్పశాస్త్రంలోనూ లేదనుకోండి.

టైము దగ్గర పరిస్థితి మరీ విషమించింది. ఫౌంటెన్ షో చీకటి పడితే గానీ మొదలవదు, ఈ విషయంలో సూర్యుడు ఎవరి మాటా వినడు. అయినా ముందు వరస దొరకదని మామగారు మూడింటికే బయల్దేరమంటారు. అత్తగారు సంధ్యాదీపం పెట్టందే గడప దాటరు. సాక్షాత్తూ బుద్ధుడి సన్నిధి కాబట్టి మధ్యేమార్గంగా ఐదింటికి అన్నాను. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం! చివరికి నాలుగూ ఇరవైకే పులిహోర డబ్బాను పక్కింట్లో పెట్టించారు. శాస్త్రం ప్రకారం ప్రయాణం మొదలైనట్టే, మనుషులు తర్వాత తీరిగ్గా కలవొచ్చు.

ఆ డబ్బా గురించి కూడా చెప్పాలి. చింతపండు పులిహోరా, నిమ్మకాయ పులిహోరా అన్నది తేల్చడానికి వేసిన ఉపసంఘం రెండూ కలపమని సిఫార్సు చేయబోయి ఆఖరి నిమిషంలో ఆగింది. మూత సరిగ్గా పట్టని స్టీలు డబ్బా. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి రబ్బరు బ్యాండ్లు, ఆపైన పాత చున్నీతో ముడి. కారులో అది ముందు సీట్లో కూర్చుంది. నేను వెనకాల, మజ్జిగ సీసాను ఒళ్లో పెట్టుకుని.

పిల్లలకేం కావాలో మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్లు గేటు బయటే పీచుమిఠాయి దగ్గర ఆగిపోయి, ఇంటికెళ్లిపోదామన్నారు.

ప్రభుత్వానికి నాదొక విన్నపం. పార్కుల్లో టికెట్ కౌంటర్ పక్కన ఇంకో కిటికీ తెరవాలి. "ఇక్కడికి రావడం నాకు ఇష్టమే, నన్నెవరూ బలవంతం చేయలేదు" అని పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరి దగ్గరా అక్కడ సంతకం తీసుకోవాలి. పెట్టనివాళ్లకు బోటు టికెట్ ఇవ్వకూడదు. ఇంత పకడ్బందీగా చేసినా మా బావమరిది తన సంతకం కింద చిన్నక్షరాల్లో "షరతులు వర్తిస్తాయి" అని రాస్తాడు, కాబట్టి ఆ కిటికీలో కూర్చునే ఉద్యోగికి ఓ భూతద్దం కూడా మంజూరు చేయాలి.