సవరణ: ఫిష్‌టెయిల్ పార్కా సైజు గురించి

పాత సైనిక పార్కా (పొడవాటి చలి కోటు) కొనేవారు తమ మామూలు సైజు కంటే ఒక సైజు చిన్నది తీసుకోవాలని ఇంతకు ముందు రాసిన సూచన, అమెరికా సైన్యం వాడిన అసలైన ఎం-1951, ఎం-65 రకాల ఫిష్‌టెయిల్ (వెనుక అంచు చేప తోకలా చీలి ఉండే) పార్కాలకు మాత్రమే వర్తిస్తుంది. యూనిఫాం మీద, ఇతర చలి దుస్తుల మీద తొడుక్కోవడానికి వీలుగా వాటిని బాగా వదులుగా కుట్టారు కాబట్టి, పలుచని చొక్కా మీద వేసుకుంటే మీడియం కూడా చాలామందికి భుజాల దగ్గర జారిపోతుంది. నడుము దగ్గరి తాడు బిగించినా భుజాల వదులు తగ్గదు.

కొత్తగా తయారవుతున్న నమూనాల్లో కొన్ని పాత కొలతలనే పాటిస్తాయి, మరికొన్ని నేటి అభిరుచికి తగ్గట్టు ఒంటికి దగ్గరగా ఉంటాయి. వీటికి ఒకే సూత్రం చెప్పడం నా దృష్టిలో కొనేవారికి అన్యాయం. అందువల్ల లేబుల్ మీది అక్షరాన్ని నమ్మకుండా, జిప్పు మూసి బల్ల మీద పరచిన పార్కాకు ఒక చంక నుంచి రెండో చంక దాకా ఉన్న వెడల్పును అమ్మేవారిని అడిగి, అదే విధంగా కొలిచిన మీ వదులు కోటుతో పోల్చి చూడండి. లోపల బొత్తాలతో తగిలించే లైనర్ (వెచ్చని లోపలి పొర) కొంత చోటు ఆక్రమిస్తుంది కనుక, అది ఉందో లేదో ముందే తెలుసుకోవాలి.