‘లాంబో డోర్’ కిట్టు మెసేజ్‌కి జవాబు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఒక విడిభాగాల కిట్టుతో ఏ కారుకైనా లాంబో డోర్లు, అంటే లంబోర్గినీ కారులోలా పైకి లేచే డోర్లు, పెట్టొచ్చట. బోల్టులు బిగిస్తే చాలు, కోత లేదు, వెల్డింగ్ లేదు. ఇరుకు సందుల్లో పార్కింగ్ సుఖం. ఆర్‌సీలో డోరు బందుల (హింజ్‌ల) ఊసే ఉండదు కాబట్టి కేసు పడదు. పైగా ఒడిశా నంబరు బండిని ఆంధ్రాలో ఎవడాపుతాడు?

ముందు బోల్టుల సంగతి. బందుల్ని బాడీకే వెల్డింగ్ చేసి వచ్చే కార్లున్నాయి. వాటికి ఏ బోల్టు విప్పి ఏది బిగిస్తారు? బోల్టులున్న కారుకైనా ఫెండరు (ముందు చక్రం మీది రేకు) విప్పాలి, కొత్త బందు తిరగడానికి చాలా కార్లలో దాని లోపలి అంచు కొయ్యాలి. పవర్ విండో, సెంట్రల్ లాక్ వైర్లు పొడిగించకపోతే డోరు లేచినప్పుడల్లా సాగి తెగుతాయి. లేచిన డోరు బరువు మోసేది గ్యాస్ షాక్, అంటే లోపల గ్యాస్ ఒత్తిడితో పనిచేసే గొట్టం. చలికి అందులో ఒత్తిడి తగ్గుతుంది. కోరాపుట్ కొండల్లో జనవరి పొద్దున పాత షాక్ చేతులెత్తేస్తే ఆ డోరు దిగేది మన నెత్తిమీదికే.

అసలు గట్టిదనం మాటో? 2004 నాటి అంతర్జాతీయ నిబంధన ప్రకారం పక్క డోరు బందులు పొడవునా 11,000 న్యూటన్లు, అడ్డంగా 9,000 న్యూటన్ల లాగుడు తట్టుకోవాలి. మొదటి అంకె అంటే సుమారు 1,100 కిలోలు వేలాడదీసినంత. కిట్టు అమ్మేవాణ్ణి ఇలాంటి పరీక్ష కాగితం ఒకటి చూపించమనండి.

పార్కింగ్ సుఖం సగం మాటే. 1974లో అమ్మకానికొచ్చిన లంబోర్గినీ కౌంటాష్ డోరు నేరుగా పైకి లేస్తుంది, ఆ కారును గీసిందే అలా. మనకమ్మే కిట్లలో చాలావాటికి డోరు ముందు బయటికి తెరుచుకుని, ఆ తర్వాతే లేస్తుంది. పక్క బండి ఆనుకుని ఉంటే ఒరిగేదేమీ లేదు.

ఇక బోల్తా గురించి మెసేజ్ నోరు మెదపదు. కప్పు నేలకానితే పైకి లేచే డోరు ఎటు లేస్తుంది? పైకి తెరుచుకునే డోర్లున్న మెర్సిడెస్ ఎస్‌ఎల్‌ఎస్ ఏఎమ్‌జీలో, బోల్తా పడితే డోరును విడగొట్టడానికి పేలుడు బోల్టులు పెట్టారు. ఘాట్ రోడ్డున తిరిగే మనవాళ్లకి కిట్టులో ఏం పెట్టారు?

ఆర్‌సీ వాదన మాత్రం తెలివైనదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిజంగానే ఆర్‌సీ వివరాల గురించి మాట్లాడుతుంది. కానీ తయారీదారు మొదట ఇచ్చిన నిర్దేశాలు మారేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరణతో ఆ చట్టంలోకి 182ఎ(4) సెక్షన్ వచ్చింది. అనుమతి లేని విడిభాగాల బిగింపు కూడా మార్పు కిందికే వస్తుందని అందులో ఉంది: ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇది కేంద్ర చట్టం. సరిహద్దున ఉన్న ఇచ్ఛాపురానికి ఇటైనా అటైనా అదే సెక్షన్, నంబరు ప్లేటు ఏదైనా సరే.