మహారాజశ్రీ ఓడోమీటర్ గారి సముఖానికి

మహారాజశ్రీ ఓడోమీటర్ గారికి,

డాలస్ నుంచి మీ విధేయుడు నమస్కరించి రాయునది ఏమనగా: ఇక్కడ నేను క్షేమంగా లేను. మీరు మాత్రం క్షేమంగానే ఉన్నారు. నిన్న మధ్యాహ్నం కళ్ళారా చూశాను. నా ఫెరారీ ఎఫ్430 తిరిగిన మైళ్ళన్నీ లెక్కపెట్టి, డాష్‌బోర్డ్ మీద నిమ్మళంగా 58,214 అని వెలుగుతూ, నా పరువు తీస్తూ.

నిన్న ఈ బండి కొందామని వచ్చిన కుర్రాడి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మీ ఎదురుగానే కూర్చున్నాడు. పెసరట్టు తిన్నాడు, కాఫీ తాగాడు, బండి చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకున్నాడు, వీడియో కాల్‌లో బావమరిదికి ఇంజిన్ చూపించాడు. నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని టోల్‌వే మీద రెండో గేర్లో ఎనిమిది వేల ఆర్‌పీఎం దాకా తొక్కి "అబ్బా!" అన్నాడు. ఆ అబ్బా విని, బండి అమ్ముడైపోయిందనే అనుకున్నాను. ఇంటికొచ్చాం. ఇంజిన్ ఆపే ముందు మీ వంక చూశాడు. ఎవరో పోయిన కబురు విన్నట్టు మొహం పెట్టాడు.

"అన్నా, బండి సూపరే. కానీ యాభై ఎనిమిది వేలు అన్నా..."

ప్రకటనలో మొదటి లైన్లోనే రాశానండీ ఆ సంఖ్య. ఫోన్లో చెప్పాను. వాట్సాప్‌లో మీ ఫొటో కూడా పంపాను, మీరు అందులో చాలా స్పష్టంగా పడ్డారు. అయినా మా వాకిట్లో నిలబడి, అప్పుడే తెలిసినట్టు ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత అడిగిన రేటు ఇక్కడ రాయను. ఈ ఉత్తరం మా ఆవిడ కూడా చదువుతుంది.

సరే, బేరమన్నాక అడుగుతారు. నన్ను రాత్రంతా నిద్రపోనివ్వంది ఆ రేటు కాదు. వెళ్తూ వెళ్తూ అన్న మాట. "నాకోసం కాదన్నా. నేను ఏడాదికి వెయ్యి మైళ్ళు కూడా తిప్పను. రేపు నేను అమ్మేటప్పుడు కొనేవాడు అడుగుతాడు కదా."

ఆ కొనేవాడి సంగతికి తర్వాత వస్తాను. ముందు మీ సంగతి.

మీది గొప్ప వంశమే. రెండు వేల ఏళ్ళ క్రితం విట్రూవియస్ అనే రోమన్ ఇంజినీరు మీ ముత్తాతను వర్ణించాడు. నాలుగడుగుల వ్యాసమున్న చక్రం 400 చుట్లు తిరిగితే ఒక రోమన్ మైలు. మైలు పూర్తవగానే ఒక గుండ్రని రాయి కంచు పాత్రలో టంగుమని పడేది. సాయంత్రం రాళ్ళు లెక్కపెట్టుకుంటే ఎంత దూరం వచ్చారో తెలిసేది. అక్కడితో మీ ఉద్యోగం అయిపోయినట్టే. రాళ్ళు ఎక్కువ పడ్డాయి కాబట్టి రథం రేటు తగ్గించమని విట్రూవియస్ ఎక్కడా రాయలేదు.

మీకు తెలిసింది ఇప్పటికీ అంతే. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో తెలుసు, ఎలా తిరిగిందో తెలియదు. ఆరో గేర్లో, వేడెక్కిన ఆయిల్‌తో, హైవే మీద హాయిగా సాగిన మైలూ మీకు ఒకటే. చలికాలం పొద్దున స్టార్ట్ చేసిన వెంటనే, ఆయిల్ ఇంకా చిక్కగా ఉండగానే, ఎవడో కుర్ర వ్యాలే డ్రైవర్ రెడ్‌లైన్ దాకా, అంటే ఇంజిన్ తిరగగలిగే ఆఖరి హద్దు దాకా, లాగిన మైలూ మీకు ఒకటే. పోర్షే వాళ్ళ ఇంజిన్ కంప్యూటర్‌ను అడిగితే చెబుతుంది: ఇంజిన్ ఎన్ని గంటలు నడిచింది, హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగింది, ఆఖరిసారి అలా తిరిగింది ఎన్నో గంటలో. మైళ్ళను ఆ గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది, బండి హైవే మీద బతికిందో ట్రాఫిక్‌లో ఉడికిందో తేలిపోతుంది. నా ఎఫ్430కి కూడా సరైన స్కానర్ తగిలిస్తే క్లచ్ ఎంత అరిగిందో శాతాల్లో చెబుతుంది. కొత్త క్లచ్ అది. బిల్లు చూపించబోతే ఆ కుర్రాడు ఫైలు చేతిలోకి కూడా తీసుకోలేదు.

ఆ ఫైలు ఎంత లావుందో మీరు చూశారా? చూడరు, అది గ్లవ్‌బాక్స్‌లో పట్టదు. ఏటేటా ఆయిల్ మార్పించిన బిల్లులు, ఇంజిన్ మౌంట్ల బిల్లు. ఈ మోడల్‌కి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు, అంటే ఇంజిన్ పొగను బయటికి పంపే గొట్టాలు, పగలడమన్నది పుట్టుకతో రాసిపెట్టి ఉంది. అవి పగిలి, కొత్తవి వేయించి, ఆ డబ్బుకు కొన్నాళ్ళు ఏడ్చి ఊరుకున్నాం కూడా. అంటే, పాడవ్వాల్సినవి పాడై, బాగై, తిరుగుతున్న బండి ఇది. మార్కెట్లో దీన్ని ఏమంటారు? "హై మైల్స్." అనారోగ్యం పేరు చెప్పినట్టు, గొంతు తగ్గించి.

ఇక ఆ కుర్రాడు మనసు పారేసుకున్న బండి గురించి. రాత్రికి నాకే దాని ఫొటో పంపాడు, నా అభిప్రాయం కావాలట! అదే సంవత్సరం, అదే ఎరుపు, ఏడు వేల మైళ్ళు. నా దానికంటే రేటు ఎంతో ఎక్కువ. నేను ఫొటోను పెద్దది చేసి టైరు చూశాను. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1109 అని ఉంది. 2009లో పదకొండో వారం. గాడిలో రబ్బరు నిండుగా ఉంది, నిజమే. ఆ వయసు రబ్బరు ఎండి రాయైపోయి ఉంటుంది. దాని మీద గంటకు 190 మైళ్ళు పోగల బండి నిలబెట్టి, "కొత్తదానిలా ఉంది కదన్నా" అంటాడు.

బీరువాలో దాచిన పట్టుచీర మడతల దగ్గర చిరుగుతుందని మా అమ్మమ్మకు తెలుసు. ఈ మార్కెట్‌కు తెలియదు. నిలబడ్డ బండిలో సీళ్ళు ఎండుతాయి, పెట్రోలు చెడుతుంది, బ్రేక్ ఫ్లూయిడ్ తేమ తాగుతుంది, బ్యాటరీ చస్తుంది. ఫెరారీ ఎఫ్355కి టైమింగ్ బెల్ట్ మార్చాలంటే ఇంజిన్ మొత్తం కిందికి దించాలి, ఆ బెల్ట్‌కు మైళ్ళతో పాటు ఏళ్ళ గడువూ ఉంది. ఎఫ్40లో పెట్రోలు పట్టే రబ్బరు సంచులకు పదేళ్ళకోసారి మార్పు తప్పదు, బండి కదిలినా కదలకపోయినా. ఆఖరికి ఆ కంపెనీయే ఏడాదికోసారి సర్వీసు చేయించమంటుంది, ఆ ఏడాదిలో మీరు ఒక్క అంకె కదిలించకపోయినా సరే. చేసినవాళ్ళకు క్యాలెండర్ మీద అంత నమ్మకం ఉంటే, కొనేవాళ్ళకు మీ ఒక్కరి మీదే ఎందుకండీ?

ఎందుకంటే ఆ "తర్వాత కొనేవాడు" అడుగుతాడు కాబట్టి.

ఎవడండీ వాడు? నేను ఈ బండి కొన్నప్పుడు కూడా వాడి పేరే చెప్పారు. "ఎక్కువ తిప్పకండి, తర్వాత కొనేవాడు చూస్తాడు" అన్నాడు అమ్మినాయన. ఆయన కూడా తిప్పలేదట, వాడికోసమే. ఆ లెక్కన ఆ వాడిని నేనే కావాలి కదా? నేను వచ్చాను, బండి తీసుకున్నాను. అయినా వాడు రాలేదట, ఇంకా రావాలట! నిన్నటి కుర్రాడు వచ్చాడు, వాడూ ఆ వాడు కాదట, వాడి తర్వాత వచ్చేవాడట. ఒకడు కొని గుడ్డ కప్పుతాడు. వాడి దగ్గర ఇంకొకడు కొని, ఇంకాస్త ఖరీదైన గుడ్డ కప్పుతాడు. లక్షల డాలర్లు పోసి కొని, ఇన్సూరెన్సు కట్టి, గరాజుకు ఏసీ పెట్టించి, బ్యాటరీకి ఛార్జరు తగిలించి, ఒక ముక్కూమొహం తెలియనివాడి కోసం అందరూ కాపలా కాస్తున్నారు. 483 గుర్రాల బలమున్న ఇంజిన్‌ను ఇంతవరకు ఎవరి జీవితంలోకీ రాని మనిషికి అట్టే పెడుతున్నారు. వాడొస్తే ఏం చేస్తాడు? నడుపుతాడా? నడపడు! నడిపితే వాడి తర్వాతివాడు ఊరుకుంటాడా?

ఆ కనపడని మనిషికి ఏజెంటువి నువ్వు. మర్యాద చాల్లే, ఇక నువ్వే. నేను తాళం తిప్పగానే కళ్ళు తెరుస్తావు. పాలు అయిపోయాయి, ఈ బండిలో వెళ్ళొద్దామా అనుకుంటే "రెండు మైళ్ళు" అని గుర్తు చేస్తావు. దోస్తు ఆస్టిన్ రమ్మంటే పోనూ రానూ నాలుగు వందలు అని ముందే లెక్క పెట్టిస్తావు. నా సొంత బండిలో, నా పెట్రోలు పోసుకుని, ఎవడి సొమ్మో దొంగిలిస్తున్నట్టు భయపడుతూ నడిపిన సాయంత్రాలు ఉన్నాయి. నీ వల్ల!

పోనీ నీ మాటకు అందరి దగ్గరా ఒకే విలువ ఉందా అంటే, అదీ లేదు. 2021లో పెబుల్ బీచ్ వేలంలో 242 మైళ్ళు తిరిగిన ఒక మెక్‌లారెన్ ఎఫ్1కి 2 కోట్ల 4 లక్షల 65 వేల డాలర్లు పలికింది. మైలుకు 84 వేల డాలర్ల పైమాటే. సరే, నీ ఘనతే అనుకుందాం. మరి అదే మోడల్‌ను మిస్టర్ బీన్‌గా మనందరికీ తెలిసిన రోవాన్ అట్కిన్సన్ 1997లో కొని, హాయిగా 41,000 మైళ్ళు తిప్పి, మధ్యలో రెండుసార్లు గుద్ది, రెండోసారి చెట్టుకు కొట్టి రెండు ముక్కలయ్యేంత పని చేసి, బాగు చేయించుకుని మళ్ళీ నడిపాడు. 2015లో అది 80 లక్షల పౌండ్లకు అమ్ముడైందని పత్రికలు రాశాయి. అక్కడ నీ నోరు లేవలేదేం? ఆ కార్లు ప్రపంచం మొత్తం మీద 106 మాత్రమే చేశారు కాబట్టి. కావాలంటే ఉన్నది తీసుకోవాలి. మా ఎఫ్430లు వేలల్లో ఉన్నాయి, లాంబోర్గినీ గలార్డోలు 14,022 చేశారు. కొనేవాడికి పది బళ్ళు పక్కపక్కన పెట్టి చూసుకునే వీలుంది, అన్నీ ఎర్రగానే ఉన్నాయి, తేడా తెలియడానికి ఒక అంకె కావాలి. ఆ అంకెవి నువ్వు. కోటీశ్వరుల దగ్గర నోరు మెదపవు, అప్పు చేసి కొన్నవాడి దగ్గర రంకెలు వేస్తావు. ఇదే బండి క్లచ్ పెడల్‌తో అరుదైన మాన్యువల్ అయ్యుంటే కూడా నీ మాటకు ఇంత బలం ఉండేది కాదు.

నీ నిజాయితీ గురించి కూడా ఒక మాట. ఫెరారీ 308ల కాలంలో స్పీడోమీటర్ కేబుల్ ఊడదీసి వారాంతాలు తిరిగొచ్చిన పెద్దమనుషులున్నారు, ఆ రంగంలో ఎవరినడిగినా చెబుతారు. నువ్వు కొయ్యబారినట్టు నిలబడిపోయావు, ఒక్క మైలు రాయలేదు. అమెరికాలో మీటర్ వెనక్కి తిప్పడాన్ని 1972లోనే ఫెడరల్ చట్టం నిషేధించింది. అయినా ఏడాదికి నాలుగున్నర లక్షలకు పైగా బళ్ళు తప్పుడు రీడింగ్‌తో అమ్ముడవుతున్నాయని, కొన్నవాళ్ళకు వంద కోట్ల డాలర్లకు మించి నష్టమని ఇక్కడి హైవే భద్రతా సంస్థే అంచనా వేసింది. హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తే ప్రతిదీ డాక్టర్ గారి బండే, ప్రతిదీ ఇరవై వేలే. అక్కడ నిన్ను చూసి నవ్వుకుని పెడళ్ళ మీద రబ్బరు అరిగిందా లేదా చూస్తారు. వాళ్ళు నయం.

ఇంకో సంగతి విను, ఇది నీకు నచ్చదు. ఫెడరల్ రూలు ప్రకారం 2011 మోడల్ నుంచి వచ్చిన బళ్ళకు 20 ఏళ్ళ పాటు రీడింగ్ రాసివ్వాలి. 2010, అంతకు ముందు మోడళ్ళకు పదేళ్ళతోనే ఆ బాధ్యత తీరిపోయింది. నాది 2007. అంటే, నా బండి చేతులు మారేటప్పుడు నీ సాక్ష్యం అక్కర్లేదని అమెరికా ప్రభుత్వమే వదిలేసింది! ఈ మాట ఆ కుర్రాడికి చెప్పాను. "అలాగా అన్నా," అని మళ్ళీ నీ వంకే చూశాడు.

అయితే ఒక్కటి. నువ్వు రాసినవాటిలో అబద్ధం లేదు. అమ్మ మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు ఎయిర్‌పోర్ట్ నుంచి ఇందులోనే తెచ్చాను. సూట్‌కేసులు వెనకాల తమ్ముడి మినీవ్యాన్‌లో వచ్చాయి. "ఇంత డబ్బు పోసి నేల మీద కూర్చోబెట్టావేంట్రా" అని దారంతా తిట్టి, ఇల్లు రాగానే "ఇంకో చుట్టు తిప్పు" అంది. తిప్పాను. ఆ మైళ్ళు నీ దగ్గరున్నాయి. బిగ్ బెండ్ పార్కు దారిలో మా అమ్మాయి డోర్‌కి ఆనుకుని నిద్రపోయిన మైళ్ళూ నీ దగ్గరే ఉన్నాయి. ఆ కుర్రాడు రేటు కోసింది వాటికి. వాటిని తీసేసి చూపించమంటే నేనైతే చూపించను, నువ్వూ చూపించవు, ఆ ఒక్క విషయంలో మనిద్దరికీ గొడవ లేదు.

ప్రకటన పొద్దున్నే తీసేశాను. శుక్రవారం సెలవు పెట్టాను. టెక్సస్ కొండల్లో లేకీ అనే ఊరి దగ్గర ట్విస్టెడ్ సిస్టర్స్ అనే మెలికల రోడ్లు, 335, 336, 337, మూడూ చుట్టి వద్దాం. పోనూ రానూ ఏడు వందల మైళ్ళకు తక్కువ కాదు. అన్నీ రాసుకో, ఒక్కటి కూడా వదలకు. ఆ తర్వాత కొనేవాడు వస్తే నేనే చూపిస్తాను.

ఇట్లు,
ప్రస్తుతం కొన్నవాడు

తా.క.: ఏసీ బటన్లు మళ్ళీ జిగురు కారుతున్నాయి. ఈ ఇటాలియన్ ప్లాస్టిక్ ఎండకి కరుగుతుంది, నీడలో పెట్టినా కరుగుతుంది. ఆ ఏడు వేల మైళ్ళ బండిలో కూడా ఇవే బటన్లు. కుర్రాడికి చెబుదామనుకున్నాను. చెప్పలేదు.