కామిక్ సాన్స్ మీద అంత కోపం దేనికి?

"కామిక్ సాన్స్ వాడారంటే మీకు డిజైన్‌లో ఓనమాలు కూడా రావన్నమాట. పనిలేక ఎవరో గీసి పారేసిన ఫాంట్ అది. చదవడానికీ పనికిరాదు. పెద్దవాళ్లెవరూ దాని జోలికి పోరు." ఈ తరహా పోస్టు మళ్లీ మళ్లీ షేర్ అవుతూనే ఉంది. ఇందులో నిజం పాలు చాలా తక్కువ.

పనిలేక గీసిందేం కాదు. 1994లో మైక్రోసాఫ్ట్, కంప్యూటరంటే బెరుకున్నవాళ్ల కోసం 'బాబ్' అనే ప్రోగ్రాం తయారుచేస్తోంది. అందులో ఒక బొమ్మ కుక్క తెర మీదికొచ్చి ఏం చేయాలో చెబుతుంది. దాని మాటల బుడగలో అక్షరాలేమో టైమ్స్ న్యూ రోమన్ అనే గంభీరమైన ఫాంట్‌లో! కుక్కపిల్ల కోర్టు నోటీసు చదువుతున్నట్టు ఉంటుంది. అక్కడే పనిచేస్తున్న విన్సెంట్ కానేర్‌కి అది మింగుడుపడలేదు. తన దగ్గరున్న కామిక్ పుస్తకాల్లోని చేతిరాతను చూసి ఈ అక్షరాలు గీశాడు. తీరా అవి టైమ్స్ కన్నా ఎక్కువ చోటు తినడంతో బుడగల్లో ఇమడలేదు, బాబ్‌లోకి ఎక్కనేలేదు. తర్వాత విండోస్ 95కి తోడుగా వచ్చిన ప్లస్ ప్యాక్ అనే అదనపు సాఫ్ట్‌వేర్‌తో జనంలోకి వచ్చింది. అంటే బొమ్మలు మాట్లాడే మాటల కోసం పుట్టిన ఫాంట్ ఇది. అది తెలియకపోతే మిగతా తిట్లన్నీ గురి తప్పుతాయి.

చదవడానికి పనికిరాదా? ఏరియల్ అనే మామూలు ఫాంట్‌లో 'ఇల్లినాయ్' (Illinois) అని ఇంగ్లీషులో కొట్టి చూడండి. మొదటి మూడక్షరాలూ మూడు నిలువు గీతలే. కామిక్ సాన్స్‌లో క్యాపిటల్ 'ఐ'కి పైనా కిందా అడ్డగీతలుంటాయి, పక్కనున్న 'ఎల్'తో కలిసిపోదు. చిన్న 'ఎ' కూడా బడిలో పలక మీద దిద్దించే ఆకారమే. డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్నవాళ్ల కోసం బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ సూచించే ఫాంట్లలో ఏరియల్, వెర్డానాలతో పాటు ఇదీ ఉంది. ఇదొక్కటే మందని కాదు, పనికిరాదన్న మాట మాత్రం చెల్లదు.

పెద్దవాళ్లెవరూ వాడరట! 2012 జులై 4న జెనీవా దగ్గరి భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్‌లో, హిగ్స్ బోసాన్ అని భావిస్తున్న కొత్త కణం దొరికిందని శాస్త్రవేత్త ఫాబియోలా జనోటి ప్రకటించినప్పటి స్లైడ్లు ఈ ఫాంట్‌లోనే ఉన్నాయి. జనం వెక్కిరించారు. కణానికేం కాలేదు. ఆమె తర్వాత సెర్న్‌కే డైరెక్టర్ జనరల్ అయ్యారు.

అలాగని అన్నిచోట్లా నప్పుతుందని నేననడం లేదు. 2010లో బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ జట్టు వదిలి వెళ్లినప్పుడు క్లీవ్‌లాండ్ కావలియర్స్ యజమాని మండిపడుతూ రాసిన బహిరంగ లేఖ ఈ ఫాంట్‌లో ఉండేసరికి, కోపం కాస్తా కామెడీ అయింది. గీత మందం అంతటా ఒకేలా ఉండటంతో బ్యానర్ సైజుకి పెంచితే మొరటుగానూ కనిపిస్తుంది.

ఇక మన కరపత్రాలు, శుభలేఖలు. తెలుగు మేటర్‌ని సెలెక్ట్ చేసి కామిక్ సాన్స్ పెట్టినా ఒరిగేదేం లేదు, అందులో తెలుగు అక్షరాలే లేవు. విండోస్ గుట్టుచప్పుడు కాకుండా తన దగ్గరున్న తెలుగు ఫాంట్లలో గౌతమినో, నిర్మలనో తెచ్చి పెడుతుంది. కాబట్టి తెలుగు భాగం బాగోకపోతే ఆ తిట్టు దీనికి తగలదు. చేతిరాత కళ కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో లక్కిరెడ్డి అనే తెలుగు ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. హెడ్డింగుకి బాగుంటుంది. ముహూర్తం, ఫంక్షన్ హాల్ అడ్రస్ లాంటి చిన్న లైన్లకి మాత్రం మామూలు ఫాంటే పెట్టండి.