మీసాలున్న మిరియం

మా ఇంట్లో కారుంది. పొడవు జానెడు కూడా ఉండదు. 1969 కెమారో అనే అమెరికా కారు, అసలు కారులో ఇరవై అయిదో వంతు, ప్లాస్టిక్ కిట్. ఏడాదిన్నరగా కడుతున్నాను. పక్కింటాయన ఈ మధ్యలో మేడ మీద మేడ వేసి గృహప్రవేశం కూడా చేసేశాడు.

చిక్కెక్కడంటే, అది రేసు కారు. లోపల ఇనప గొట్టాల పంజరం, డ్రైవరుకి ఒక్క సీటు, తలుపుల మీద గుమ్మడికాయంత అంకెలు. దాన్ని రోడ్డు మీద తిరిగే మామూలు కారుగా మార్చాలని నా పంతం. మోడళ్లు కట్టేవాళ్లు దీన్ని స్ట్రీట్ కన్వర్షన్ అంటారు. మా మేనమామ మాత్రం "రేసు గుర్రాన్ని జట్కాకి కట్టడం" అంటాడు.

నిజానికి ఆ మాట తప్పు. అమెరికాలో ట్రాన్స్-యామ్ రేసులకి ఇంజిన్ 5 లీటర్లు దాటకూడదని అప్పట్లో రూలు. అందుకే షెవ్రొలే వాళ్లు 302 ఘనపుటంగుళాల, అంటే 5 లీటర్లకి కాస్త లోపు, ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజిన్‌తో జెడ్-28 అనే రకం తయారుచేసి మామూలు జనానికి అమ్మారు. అలా అమ్మితేనే రేసులోకి రానిచ్చేవారు. కాబట్టి నేను గుర్రాన్ని జట్కాకి కట్టడం లేదు, పుట్టింటికి పంపిస్తున్నాను. ఇది మామకి నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ "ఎనక సీటు పెట్టినావా నేదా?" అని అడిగాడు.

మొదట వేసిన రంగు చెడింది. ప్లాస్టిక్ పాడవకుండా ఎనామెల్ రంగు ఊడాలంటే బ్రేక్ ఆయిల్‌లో నానబెట్టడం పాత చిట్కా. స్టేషన్ రోడ్డులో ఒక స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లాను.

"ఏ బండికండీ?"

"కెమారోకి."

"కమాండర్ జీపుకా? అయితే రెండు డబ్బాలు తీసుకోండి."

"బ్రేకుల్లో పొయ్యడానికి కాదండీ. బండిని ముంచడానికి."

చిల్లర లెక్కపెడుతున్న చెయ్యి ఆగిపోయింది. "బండెక్కడుంది?"

చేతిసంచిలోంచి తీసి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, లోపలికి తిరిగి, "ఒరే, ఓపాలి ఇటు రా, సూడు" అని కుర్రాణ్ణి పిలిచాడు. వాడు ఇంకొకణ్ణి పిలిచాడు. డబ్బా తీసుకుని నేను బయటపడేసరికి అయిదుగురయ్యారు.

రోడ్డు కారన్నాక నంబరు ప్లేటుండాలి. మన కార్ల ప్లేటు 500 మిల్లీమీటర్ల పొడవు, 120 ఎత్తు. నా లెక్కలో అది 20కి దాదాపు 5. ఇప్పుడు రాష్ట్రమంతా ఒకటే సిరీస్ అయింది కానీ, నాకు మాత్రం మన విజయనగరం పాత ఏపీ 35 కావాలి. స్టిక్కర్లు కోసే అబ్బాయి కొలతలు రాసుకుని, "చీమకా సార్?" అన్నాడు. వాడి మొహంలో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

ఇంక ఇంజిన్. చాలా కిట్లకి అసలు ఇంజినే ఉండదు, బానెట్ అతుక్కునే వస్తుంది. నా కిట్లో ఇంజిన్ ఉంది కానీ వైర్లు లేవు. అసలు కారులో ప్లగ్ వైరు 8 మిల్లీమీటర్ల లావుంటే, నాకు 0.3 కావాలి. చెడిపోయిన ఇయర్‌ఫోన్ తీగ చీల్చి, లోపలి రంగురంగుల పోగులు బయటికి లాగాను. ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీది క్యాప్ మిరియం గింజంతే ఉంటుంది. దానికి ప్లగ్గులకని ఎనిమిది కన్నాలు, మధ్యలో కరెంటు తెచ్చే కాయిల్ వైరుకి ఒకటి, మొత్తం తొమ్మిది, వెంట్రుకంత డ్రిల్ బిట్‌తో చేత్తో తిప్పుతూ వేశాను. రెండు బిట్లు విరిగాయి. బానెట్ మూస్తే ఇదేదీ కనబడదు. ఆ సంగతి మా ఆవిడ చెప్పింది, మీరు మళ్లీ చెప్పక్కర్లేదు.

ధనుర్మాసంలో ఒక ఆదివారం. సాలూరు నుంచి మామ వచ్చాడు. ముప్ఫై ఏళ్లు అక్కడి షెడ్లలో లారీ ఇంజిన్లు విప్పినవాడు, అంతకుముందు అంబాసిడర్ టాక్సీలు. మా ఆవిడ నా సామానంతా ఒక చివరికి నెట్టి, రెండో చివర కట్టెపొంగలి గిన్నె పెట్టింది. "అయిదు నిమిషాలు" అన్నాను. క్యాప్‌కి అప్పటికి మూడు వైర్లు అతికించాను. నాలుగోదానికి ట్వీజర్లు బిగించి పట్టుకున్నాను.

టిక్.

అంతే. క్యాప్ లేదు.

టేబుల్ కిందికి దూరాను. టార్చి వేశాను. అయస్కాంతం కూడా తిప్పాను, ప్లాస్టిక్‌కి అది పనికిరాదని తెలిసీ. మా ఆవిడ చీపురు తెస్తే "ఊడవకు!" అని గావుకేక పెట్టాను. కందిపప్పు బద్ద దొరికింది, చొక్కా గుండీ దొరికింది, రెండేళ్ల కింద వేరే కారుకి పోయిన సైడు అద్దం దొరికింది. దానికి సంతోషించే స్థితిలో లేను.

పైన మామ తినడం మొదలుపెట్టినట్టున్నాడు. కాసేపటికి గొంతు వినిపించింది.

"అమ్మాయీ, ఈ మిరియానికి మీసాలున్నాయేటమ్మా?"

గరిటె ఆగిన చప్పుడు నాకు కింద వినబడింది. తన పొంగల్లో పురుగా! నేను పైకి లేవబోయి తల టేబుల్‌కి కొట్టుకున్నాను.

మామ నోట్లోంచి తీసి, తుండుగుడ్డతో తుడిచి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, వెలుగులోకి పట్టాడు. ఆయన పళ్లు కట్టుడువి గానీ చూపు ఇంకా షెడ్డుదే.

"మిరియం కాదురా అల్లుడూ. తొమ్మిది కన్నాలున్నాయి. ఎనిమిది సిలిండర్ల బండి డిస్ట్రిబ్యూటరు."

ఏడాదిన్నరలో నా పని చూసి అదేమిటో పోల్చుకున్న మొదటి మనిషి. కాళ్లకి దండం పెట్టాలనిపించింది. చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"అంబాసిడర్‌ది సిలిండర్లు అంటుకునే ఆర్డరు 1-3-4-2. దీనిదేటి?"

"1-8-4-3-6-5-7-2."

"ఇదేటిరా, ఫోను నంబరులాగుంది! డిస్ట్రిబ్యూటరు ఎటు తిరుగుతాది?"

"గడియారం తిరిగినట్టే."

"మరి ఈ వైర్లు ఎదురు తిప్పి పెట్టినావేటి?"

చూశాను. నిజమే.

"మామయ్యగారూ, చల్లారిపోతోంది" అంది మా ఆవిడ. ఆయనకి వినబడలేదు. పొంగల్లోంచి మిరియాలు ఒక్కొక్కటే ఏరి, పళ్లెం అంచున రెండు వరసలు పేరుస్తున్నాడు. ఎడం వరస 1, 3, 5, 7. కుడి వరస 2, 4... అక్కడ వేలు ఆగింది. పొంగలంతా కెలికి చూశాడు. తరవాత పళ్లెం మా ఆవిడ వైపు జరిపాడు.

"ఇంకో గరిటె వెయ్యమ్మా. రెండు సిలిండర్లు తక్కువైపోనాయి."